అరిగిన వైపు

పోయిన వారం మనం వదిలేసినప్పుడు నైరీ లాక్‌హార్ట్ దగ్గర మిగిలినవి రెండే. ఫోన్‌లో గోర్డన్ మెకీ అన్న నాలుగు మాటలు, ఆ మర్నాడే అందిన అతని చావు కబురు.

గోర్డన్ అన్నది ఇది. "నెట్‌లో నీ తమ్ముడి పాట మార్చేశారు నైరీ. చివర కత్తిరించారు. అసలుది నా దగ్గరుంది. వచ్చి కొనుక్కో. ఊరికే మాత్రం ఇవ్వను. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ చివరిదాకా వినరు."

తమ్ముడు ఫెర్గస్ పదేళ్ల కిందట హార్బర్‌లోకి పడవ వేసుకుని వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అతను ఒడ్డు నుంచి బయల్దేరడం చూశానని పోలీసులకు చెప్పినవాడు ఒక్కడే. కోలిన్ స్ట్రాంగ్. అప్పట్లో ఫెర్గస్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు, ఇప్పుడు నైరీ రికార్డుల కొట్టులో సగం వాటాదారు. ఫెర్గస్ వదిలిపోయిన పాటల్ని, అతను పోయిన రెండేళ్లకి, 'ఉప్పుగది' అనే పేరుతో కొద్ది కాపీలు మాత్రం అచ్చు వేయించారు. ఆ కాపీల్ని ఈమధ్య వెతికి వెతికి కొనేస్తున్నారు. నైరీ సొంత కాపీ కొట్లో తాళం వేసిన బీరువాలోంచి మాయమైంది. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఆమె గోర్డన్ ఇంటి గుమ్మంలో నిలబడి తడిసిన బూట్లు విప్పుకుంటోంది.

పోర్ట్ చామర్స్ కొండమీద ఉన్న ఆ ఇంటినుంచి మామూలు రోజుల్లో రేవు మొత్తం కనిపిస్తుంది. ఈ రోజు పొగమంచు కిందినుంచి పైకి ఎక్కి, దుంగల గుట్టల్నీ క్రేన్లనీ మింగేసి, కిటికీ అద్దాల దాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నమే అయినా లోపల దీపాలు వేశారు. మూడు రోజుల్నుంచి ఇదే వాన. గోర్డన్‌ని పాతిపెట్టిన రోజూ ఇదే వాన.

"బూట్లు విప్పడం ఆ తర్వాత, ముందు లోపలికి రా అమ్మాయ్, చలి కొడుతోంది," అంది ఊనా. గోర్డన్ భార్య. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ చేతిలో చీజ్ రోల్స్ పళ్లెం ఉంది. చావింట్లో కూడా ఎవరూ ఖాళీ కడుపుతో పోకూడదని ఆ దక్షిణపు రేవు ఊళ్ల ఆడవాళ్ల పట్టుదల.

నైరీ వెనకే కోలిన్ వచ్చాడు. కారు తోలింది అతనే. దారంతా ఆమె చెయ్యి నిమురుతూనే ఉన్నాడు. దొరుకుతుంది, బెంగపడకు అని నాలుగైదు సార్లు అన్నాడు.

రికార్డులు పోగేసేవాళ్లలో ఒకడు పోతే, వ్యాపారి వచ్చి మొత్తం తూకానికి ఎత్తుకుపోకముందే స్నేహితులు ఆ ఇంట్లో చేరతారు. ఒక్కొక్కరు ఒక్క రికార్డు కొంటారు. ఒక్కటంటే ఒక్కటే. పోయినవాడితో ఎక్కువకాలం పరిచయం ఉన్నవాడికి ముందు వంతు. కవరులోంచి రికార్డు బయటికి తియ్యకూడదు, వేసి వినకూడదు. అతను బతికుంటే ఎంత ఇచ్చేవాడో అంత టీ డబ్బాలో వేసి, ఎంత వేసిందీ ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవాలి. దాన్ని వాళ్లు 'ఆఖరి తీత' అంటారు. తమాషాగా మొదలైన అలవాటే గానీ ఎవరూ తప్పరు. ఈ నియమాన్ని ఇరవై ఏళ్ల కిందట రాతలో పెట్టినంత గట్టిగా నిలబెట్టినవాడు గోర్డనే.

ముందుగదిలో ఇద్దరు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఒకడు ముసలి మర్డో, రేవులో పనిచేసి మానేసినవాడు. రెండోవాడిని నైరీ వెంటనే గుర్తుపట్టింది. డెస్మండ్ రేక్స్. ఆక్లండ్ నుంచి విమానంలో దిగిన వ్యాపారి. ఉప్పుగది కాపీల్ని కొనేస్తున్నది తనేనని కిందటి నెల ఆమె మొహం మీదే ఒప్పుకున్నవాడు. ఫెర్గస్ పాట ఒకటి టీవీ ధారావాహికలో వాడాక ధరలు లేచాయనీ, తాను చేస్తున్నది మామూలు వ్యాపారమేననీ అతని వాదన.

"మీరెందుకు వచ్చారు?" అంది నైరీ.

"మీరెందుకు వచ్చారో అందుకే. గోర్డన్‌తో నాది మీ తమ్ముడు పుట్టకముందు పరిచయం." రేక్స్ టీ కప్పు జాగ్రత్తగా సాసరు మీద పెట్టాడు. "అంటే నా వంతు మీకంటే ముందు వస్తుంది. కావాలంటే ఊనాగారిని అడగండి."

ఊనా తల వంచుకుంది. నిజమేనన్నట్టు.

"చావింటికి కూడా బేరానికొచ్చే మొహం చూడు," అని మర్డో నిప్పు గూటితో చెప్పాడు, అందరికీ వినిపించేలా.

గోర్డన్ రికార్డుల గది వెనకవైపు ఉంది. నేలనుంచి కప్పుదాకా అరలు. ఒక మూల అతను రోజూ కూర్చున్న కుర్చీ, పక్కన ప్లేయరు, కుర్చీ కాళ్ల దగ్గర కుక్క పడుకునే పాత కంబళి. కుక్క పోయి రెండేళ్లయినా కంబళి తియ్యనివ్వలేదని ఊనా చెప్పింది. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యాలో తనకీ తెలియట్లేదంది.

గోర్డన్ ఊరికే పోగేసేవాడు కాదు. చెక్కేవాడు కూడా. పెరట్లో షెడ్డులో అతనికో యంత్రం ఉండేది. ఫ్యాక్టరీలో రికార్డుని అప్పచ్చిలా ఒక్క నొక్కుతో అచ్చు వేస్తారు. గోర్డన్ యంత్రం అలా కాదు. గాజులాంటి ప్లాస్టిక్ పళ్లెం మీద, పాట సాగినంతసేపూ సాగి, ఒక్కొక్కటిగా గాడి చెక్కుతుంది. ఊళ్లో కుర్ర బ్యాండ్లన్నీ మొదటి పాట అతని దగ్గరే చెక్కించుకునేవి. ఆ రికార్డులకి ఆయుష్షు తక్కువ. మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి ముల్లు పెట్టిన ప్రతిసారీ పాట కొంచెం రాలిపోతుంది. అందుకే అవి ఉన్నవాళ్లెవరూ వినరు. కొని, కవరులో పెట్టి, కవరుని ఇంకో కవరులో పెట్టి దాచుకుంటారు. పాట ఎలా ఉంటుందో మర్చిపోయి కూడా దాచుకుంటారు.

మర్డోది మొదటి వంతు. ఎక్కువ ఆలోచించలేదు. తానూ గోర్డనూ కుర్రతనంలో ఎవరి పాటలకి డాన్సు చేశారో ఆ బ్యాండ్ రికార్డు తీసుకుని, అట్టమీద అరచేత్తో ఒకసారి రాసి, చంకలో పెట్టుకున్నాడు. డబ్బాలో నోటు మడిచి వేసి పక్కకి జరిగాడు.

తర్వాత రేక్స్.

అతను కొనేది ఏమిటో నైరీకి ముందే తెలుసు. కంటి ఎత్తు అరలో, ఫ్యాక్టరీ చుట్టిన పారదర్శక కాగితం కూడా విప్పకుండా, ఉప్పుగది. ఒక్కటే కాపీ. అంచులు పదునుగా ఉన్నాయి. గోర్డన్ ఇన్నేళ్లూ దాన్ని ముట్టుకోలేదన్నమాట. రేక్స్ దాన్ని రెండు వేళ్లతో, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తినట్టు తీశాడు.

"చిల్లు కూడా పడని సీలు," అన్నాడు తనలో తను.

"నేను వినడానికి అడుగుతున్నాను. ఒక్కసారి," అంది నైరీ. "చివరి పాట చివర ఏముందో వింటాను, మీకే తిరిగిచ్చేస్తాను."

"విప్పితే ఇది ఇది కాదమ్మా. మీకూ కొట్టు ఉందిగా, మీకు నేను చెప్పాలా?" రేక్స్ గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే బాధపడుతున్నట్టు ఉంది. అదే ఆమెను ఎక్కువ మండించింది. "అయినా మీ సొంత తమ్ముడి రికార్డు. ఇన్నేళ్లలో మీరు చివరిదాకా వినలేదా?"

ఆమె వినలేదు. ఆ చివరి పాట వచ్చిన ప్రతిసారీ, ఫెర్గస్ గొంతు ఆగగానే ఆమె ముల్లు ఎత్తేసేది. తమ్ముడు పాడటం ఆపేశాక వచ్చే ఆ నిశ్శబ్దాన్ని ఆమె ఎప్పుడూ భరించలేకపోయింది. నిశ్శబ్దం అనుకుంది గానీ అందులో ఏమైనా ఉందేమో అని ఒక్కనాడూ ఆగి చూడలేదు.

మూడో వంతు కోలిన్‌ది. అతను ఆమె భుజం తట్టి, నీ కోసమే తీస్తున్నానని చెవిలో చెప్పాడు. నేరుగా కింది అరకి వెళ్లి, గోర్డన్ చేత్తో చెక్కిన రికార్డుల వరసలోంచి ఫెర్గస్ పేరున్న చిన్న రికార్డుని తీశాడు. బ్యాండ్ మొదటి పాట. వెతుక్కోలేదు, తడబడలేదు. అది అక్కడ ఉందని తెలిసినవాడిలా తీశాడు.

నైరీ అప్పుడు దాన్ని ప్రేమ అనుకుంది.

ఇక మిగిలింది ఆమె. ఒక్క వంతు. అరల్లో ఫెర్గస్ పేరుతో ఇంకేమీ లేదు.

"నీకిష్టమైంది ఏదో తీసుకో నైరీ, ఇక పోదాం," అన్నాడు కోలిన్ మెల్లగా. "రేక్స్‌తో నేను తర్వాత మాట్లాడతాను."

ఆమె కదల్లేదు. కొట్లో కుర్రకారు రోజూ అడుగుతుంటారు, అన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే రికార్డు ఏది కొనాలని. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. రేపు పొద్దున ఎవరో ఆ పాటని మార్చేస్తే, మారిందని కనిపెట్టి నువ్వు ఏడుస్తావే, అది కొను. మిగతావి ఫోన్‌లో ఉంటే చాలు. ఇప్పుడు ఆ సలహా ఆమెకే ఎదురుతిరిగింది. మార్చేశారు. ఏడుస్తోంది. కొనడానికి లేదు.

అసలుది నా దగ్గరుంది, అన్నాడు గోర్డన్.

అసలు. ఆ మాటని ఆమె మళ్లీ తిప్పి చూసింది. ఫ్యాక్టరీ రికార్డుల్ని గోర్డన్ ఏమనేవాడు? అప్పచ్చులనేవాడు. అట్ట చూసుకోవడానికి బాగుంటాయనేవాడు. అలాంటి మనిషి సీలు విప్పని ఉప్పుగదిని అసలుది అంటాడా? అతనికి అసలుదంటే తాను చెక్కింది. మొదటగా చెక్కి చూసుకున్నది.

మొదట చెక్కినవాటిని అతను ఎక్కడ పెట్టేవాడో ఊళ్లో అందరికీ తెలుసు. దానిమీద బోలెడు వేళాకోళం ఉండేది. గోర్డన్ పిసినారి. పరీక్షకి చెక్కిన పళ్లేనికి కొత్త కవరు దండగ అనేవాడు. పాత సామాన్లు చౌకగా అమ్మే ధర్మ దుకాణం బయట వానలో పారేసిన రికార్డుల అట్టలు తెచ్చి, లోపలివి చెత్తబుట్టలో వేసి, తనవి అందులో దూర్చేవాడు.

నైరీ అట్టల పేర్లు చదవడం మానేసి అంచులు చూడటం మొదలుపెట్టింది.

ఆ గదిలో ఏ అట్టా నలగలేదు. అన్నీ దాచుకున్నవి. ఒక్కటి తప్ప. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే అందేచోట, ఏదో గనికార్మికుల బాకాల బ్యాండ్ క్రిస్మస్ పాటల రికార్డు. అట్టమీద ఎర్రకోట్ల మీసాలవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. దాని నోటి దగ్గర, బొటనవేలు పెట్టి లాగేచోట, అట్ట నల్లగా అరిగి మెత్తటి గుడ్డలా అయిపోయింది.

"ఊనా ఆంటీ, గోర్డన్‌కి బాకాలంటే ఇష్టమా?"

"ఇష్టమా?" ఊనా దాదాపు నవ్వింది. "చర్చి బయట బాకా ఊదితే రోడ్డు దాటి పోయేవాడు."

నైరీ ఆ రికార్డు తీసుకుంది. మర్డో పెద్దగా దగ్గి, పిల్లకి దుఃఖంతో మతిపోయిందని గోడకి చెప్పాడు. రేక్స్ మర్యాదగా కిటికీవైపు చూశాడు. ఆమె డబ్బాలో చేతికొచ్చినంత వేసింది.

కోలిన్ ఒక్కడే ఆ అట్ట మీంచి చూపు తిప్పలేదు.

రేక్స్ విమానానికి టైమైందంటూ, కొన్నదాన్ని కోటు లోపల పెట్టుకుని పొగమంచులోకి వెళ్లిపోయాడు. మర్డో రెండు చీజ్ రోల్స్ కాగితంలో చుట్టించుకుని కొండ దిగాడు. ముగ్గురే మిగిలారు. ఆఖరి తీత ముగిసింది కాబట్టి ఇప్పుడు కవరు విప్పవచ్చు.

నైరీ పళ్లేన్ని బయటికి లాగింది. నల్లటిది కాదు. గాజులా పారదర్శకంగా ఉండాల్సినది. కానీ ఒకవైపు తెల్లగా, పొడిబారిన చర్మంలా, గీతలు గీతలుగా అయిపోయి ఉంది. వేసి వేసి, విని విని, అరగదీసిన వైపు. గోర్డన్ లాంటివాడు, ముల్లు పెట్టడమే పాపమన్నట్టు బతికినవాడు, దీన్ని ఎన్నిసార్లు విని ఉంటాడో ఆ తెల్లదనమే చెబుతోంది.

కోలిన్ వెంటనే అడ్డం వచ్చాడు. ఇంకొక్కసారి వేస్తే ఉన్నది కూడా పోతుందన్నాడు. వెలింగ్టన్‌లో ఇలాంటివాటిని ముల్లు తగలకుండా, వెలుతురుతో చదివే వాళ్లున్నారు, తనే స్వయంగా తీసుకెళ్తానన్నాడు. చెయ్యి చాపాడు కూడా. అతను చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. రికార్డులతో బతికినవాళ్లు ఎవరైనా అదే చెబుతారు. ఆమె కూడా ఇంకొకరికైతే అదే చెప్పేది.

ఆమె పళ్లేన్ని సగం అతనివైపు చాపింది కూడా.

అప్పుడు రేక్స్ రెండు వేళ్లతో ఎత్తుకుపోయిన ఆ సీలు కళ్లముందు మెదిలింది. దాచుకున్నవాళ్లంతా దాచుకున్నారు. ఒక్కరూ వినలేదు. తను కూడా.

"ఇక్కడే వేస్తాను," అంది. "ఫోన్‌లో ఎక్కిస్తాను. పోతే పోయింది."

కోలిన్ ఏదో అనబోయి ఊనా మొహం చూసి ఆగిపోయాడు. ఊనా అప్పటికే ప్లేయరు మీద కప్పిన గుడ్డ తీసేసింది.

నైరీ ఫోన్‌ని స్పీకరు ముందు పెట్టి, రికార్డింగ్ నొక్కి, పళ్లెం ఉంచి, ముల్లు దించింది.

మొదట ఏమీ లేదు. వాన చప్పుడులాంటి గరగర. కిటికీ బయటి వానకీ దానికీ తేడా తెలియలేదు. ఆ గరగర అడుగునుంచి, బావిలోంచి వస్తున్నట్టు, గిటార్. తర్వాత ఫెర్గస్. మాటలు సగం అరిగిపోయాయి. కానీ ఊపిరి తీసుకునే చోట్లు మిగిలాయి. పాట ప్రతి వరసకీ ముందు, చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటే, ముక్కుతో ఒక చిన్న ఎగపీలుపు. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుంది.

పాట అయిపోయింది. అలవాటుగా ఆమె చెయ్యి ముల్లువైపు లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

గరగర. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఎవరో అగ్గిపుల్ల గీశారు. తర్వాత ఒక కుక్క మొరిగింది. పొట్టిగా ఒకసారి, పొట్టిగా ఇంకోసారి, తర్వాత తలుపు తియ్యమన్నట్టు పొడుగ్గా.

ఊనా చేతిలో టీ కప్పు ఒలికింది.

"బ్రాంబుల్, నోర్ముయ్," అంది రికార్డులోంచి ఒక ముసలి గొంతు. గోర్డన్.

ఊనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మొన్ననే పాతిపెట్టిన మనిషి గొంతు అదే గదిలో, కాళ్ల దగ్గర ఉన్న ఆ కంబళి మీద ఒకప్పుడు పడుకున్న కుక్కని తిట్టింది. ఆమె ఏడవలేదు. కంబళి వైపే చూస్తూ ఉండిపోయింది.

నైరీకి మెదడులో ఏదో మెల్లగా, చాలా మెల్లగా తిరిగింది.

"ఆంటీ. బ్రాంబుల్‌ని మీరు ఎప్పుడు తెచ్చారు?"

"మా అక్క పొలంనుంచి..." ఊనా కంబళి మీంచి చూపు తిప్పింది. "మీ తమ్ముడి జ్ఞాపకసభ అయ్యాక నేను అక్క దగ్గరికి పోయి ఉన్నాను కదమ్మా. వసంతంలో తిరిగొస్తూ తెచ్చాను. పిల్ల. చేతిలో పట్టేంత." ఆగింది. తను ఏం చెప్పిందో అప్పుడు ఆమెకీ అర్థమైంది. "కానీ ఇది పిల్ల అరుపు కాదు. ఇది పెద్దయ్యాక అరిచే అరుపు. దానికి ఈ గొంతు వచ్చేసరికి... ఏడాది పట్టింది."

గదిలో గరగర ఒక్కటే తిరుగుతోంది.

ఫెర్గస్ కోసం ఖాళీ శవపేటిక ముందు అందరూ నిలబడి పాడిన చర్చి నైరీకి గుర్తొచ్చింది. ఆ సభ ముగిసి ఏడాది దాటాక ఫెర్గస్ ఈ ఇంటి పెరట్లో, షెడ్డులో కూర్చుని పాట పాడాడు. అగ్గిపుల్ల గీశాడు. కింద ఊళ్లో ఆమె అతని బట్టలు మూటలు కట్టి దానమిస్తున్న రోజుల్లో. గోర్డన్‌కి తెలుసు. ఇన్నేళ్లు తెలిసి, చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, రోజూ ఇక్కడ కూర్చుని దీన్ని విని అరగదీశాడు. పెరట్లో షెడ్డులోకి తనని ఎప్పుడూ రానివ్వలేదని ఊనా ఎవరితోనో చెప్పినట్టు అంటోంది. యంత్రం దుమ్ము పడుతుందనేవాడట.

రికార్డులో ఫెర్గస్ గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి పాట కాదు, మాట. అలిసిపోయిన మాట.

"ఇక చాలు, ఆపెయ్ కోలిన్. అక్కకి మాత్రం చెప్పకు."

ముల్లు మధ్యకి జారి, అక్కడే తిరుగుతూ టక్కు టక్కుమంటోంది.

నైరీ తల తిప్పలేదు. ముందు స్పీకరు ముందున్న చోటు చూసింది. ఫోన్ అక్కడ లేదు. అది కోలిన్ చేతిలో ఉంది. తెర చీకటిగా ఉంది.

కొట్లో బీరువా తాళంచెవులు తామిద్దరి దగ్గరే ఉన్నాయి. ఉప్పుగదిని నెట్‌లో పెట్టిందీ, ఆ ఖాతా చూసుకునేదీ కోలినే. ఇన్నాళ్లూ ఆ రెండు సంగతులూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి చూడాలని ఆమెకి తోచనే లేదు. పదేళ్లుగా ప్రతి వర్ధంతికీ ఒడ్డుకి తనతో వచ్చి నీళ్లలో పూలు వేసిన మనిషి గురించి అలా ఎవరికి తోస్తుంది?

"పడవ బయల్దేరడం చూశానన్నావు," అంది.

"చూశాను." కోలిన్ గొంతు మామూలుగానే ఉంది. అదే భయం వేసింది ఆమెకి. "అబద్ధం చెప్పలేదు. ఖాళీ పడవని నేనే నెట్టాను. వాడే నెట్టమన్నాడు."

"ఎందుకు?"

అతను తల అడ్డంగా ఊపాడు. కారణం తను చెప్పేది కాదన్నాడు. చెప్పనని ఫెర్గస్‌కి మాటిచ్చాననీ, ఈ పదేళ్లలో తను నిలబెట్టుకున్న మాట అదొక్కటేననీ అన్నాడు.

"వాడు ఇప్పుడెక్కడున్నాడు కోలిన్?"

అతని కళ్లు ఆమె మీద లేవు. ప్లేయరు మీద ఉన్నాయి. తిరుగుతున్న పళ్లెం మీద. ఆ చూపు వెంబడే ఆమె చూపూ వెళ్లింది. అప్పుడు గుర్తొచ్చింది. రికార్డు కొట్టు నడిపే మనిషి మర్చిపోకూడని సంగతి. పళ్లేనికి రెండు వైపులుంటాయి.

ఆమె రికార్డు ఎత్తి తిప్పింది. రెండో వైపు కిటికీ వెలుతురులో నీటిచుక్కలా మెరిసింది. ఒక్క గీత లేదు. మొదటివైపుని గుడ్డలా అరగదీసిన గోర్డన్, ఈ వైపు మీద చెక్కిన తర్వాత ఒక్కసారి కూడా ముల్లు పెట్టలేదు.

"వద్దు నైరీ." కోలిన్ ఒక అడుగు ముందుకు వేశాడు. మొదటిసారి అతని గొంతు పగిలింది. "ఆ వైపు వద్దు. ఇప్పుడు విన్నావుగా, వాడు మునిగిపోలేదని. ఇక్కడితో ఆగిపోతే నీ తమ్ముడు ఎక్కడో బతికున్నట్టే నీకు. నా మాట విను. ఆగిపో."

చెయ్యి చాపాడు. బతిమాలుతున్నాడో లాక్కోబోతున్నాడో తెలియలేదు. ఆ చేతికీ ప్లేయరుకీ మధ్య ఊనా వచ్చి నిలబడింది. పొట్టి మనిషి. భుజాల మీద శాలువా, చేతిమీద ఒలికిన టీ.

"నా ఇల్లు ఇది," అంది కోలిన్‌తో. "నీకు చీజ్ రోల్స్ చేసి పెట్టాను నేను. ఇన్నేళ్లు." తర్వాత వెనక్కి తిరక్కుండానే, "పెట్టు అమ్మాయ్. నా మొగుడు ఎందుకు వినలేకపోయాడో నేనూ వింటాను."

నైరీ ముల్లు దించింది.

ఈ వైపు గరగర లేదు. నిన్ననే చెక్కినంత శుభ్రంగా ఉంది. దూరంగా వాన. షెడ్డు రేకుమీద పడుతున్న వాన. గిటార్ లేదు. ఫెర్గస్ ఊపిరి లేదు. అతను పాడబోయే ముందు తీసే ఆ చిన్న ఎగపీలుపు కోసం ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుని ఎదురుచూసింది.

రాలేదు.

వచ్చింది ఏడుపు. ఎదిగిన మగవాడు పిడికిలి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న ఏడుపు. మధ్యమధ్య, నేను కావాలని చెయ్యలేదు గోర్డన్, కావాలని చెయ్యలేదు, అంటున్నాడు.

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి నైరీకి ఆలోచించాల్సిన పని లేకపోయింది. దారంతా తన చెయ్యి నిమురుతూ, దొరుకుతుంది బెంగపడకు అన్న గొంతే అది.